తార్నాకలో పట్టపగటి రాత్రి

"సెమినారుకు కావాలె అవ్వా" అని బుచ్చిరాములు అంటే ఈరమ్మకు "సీమ నారు" అని వినబడింది.

"సీమ నారా? ఏ మడిల ఏస్తవు బిడ్డా?"

యూనివర్సిటీలో ఎమ్మే హిస్టరీ వెలగబెడుతున్న బుచ్చిరాములుకు మడీ లేదు, మనశ్శాంతీ లేదు. సికింద్రాబాదు లష్కర్‌లో మొట్టమొదట బంగళాలు కట్టుకున్న తెల్లదొరల కథ ఒక్కటైనా తేకపోతే, సాయంత్రం ఐదింటి సెమినారులో ప్రొఫెసరుగారు అతని పేరు కొట్టేస్తారు. ఈరమ్మ అవ్వకు అవ్వ ఆ బంగళాల్లోనే ఆయాగా చేసింది. కథ ఉంది. ఈరమ్మ నోరే తెరుచుకోదు.

"పగటిపూట కథ చెప్తే మేనమామ దారి తప్పుతడు. మా పిల్లల మేనమామ రాజన్న, నా తమ్ముడు, రైలింజను నడుపుతడు."

"పట్టాల మీద పోయెటాయన దారెట్ల తప్పుతడవ్వా?"

"తప్పితే నువ్వు తెచ్చిస్తవా?"

చివరికి రాజీ కుదిరింది. తలుపులూ కిటికీలూ మూసి, దీపం ముట్టించి, గదిలో రాత్రి చేశారు. వినేవాడు ఊ కొట్టాలి. కథ అయ్యేదాకా వెలుగు లోపలికి రాకూడదు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఏప్రిల్ ఎండ, పైన రేకుల కప్పు. పరిశోధనలో మునగకముందే బుచ్చిరాములు చెమటలో మునిగాడు.

"దొరసాని బందర్లకెల్లి పల్లకిల వచ్చింది. ఎండ తాకితే సస్తదని దొర పొద్దుగాలనే తలుపులు మూయిస్తుండె. వట్టివేళ్ల తడకలు, వాటి మీద నీళ్లు. మాపటికి గానీ తియ్యరు."

"ఊ."

"యాడాదైనా ఊరు పగలెట్లుంటదో ఆమెకు ఎరుకనే లేదు."

"ఊ..."

అది ఊ కాదు, మూలుగు. బందరు నుంచి వచ్చి బందయిపోయిన దొరసాని పక్కనే తననూ మూసిపెట్టినట్టుంది.

బయట పక్కింటి భారతమ్మ గొంతు లేచింది. "ఈరమ్మ ఇంట్ల ఎవల్నో కొడుతున్నరు, రాండ్రి." వాడకట్టంతా పోగయిన చప్పుడు. ఐదు ఎప్పుడో దాటింది. హాస్టల్లో వాకబు చేసి అతన్ని వెతుక్కుంటూ వచ్చిన ప్రొఫెసరుగారు తలుపు బాదారు.

"సెమినార్ ఎగ్గొట్టి లోపలేం చేస్తున్నావు? తలుపు తియ్యి."

తియ్యబోయాడు. గడియ మీది చేతిని ఈరమ్మ పట్టుకుంది.

"రాజన్న ఇంక డ్యూటీ దిగలే బిడ్డా."

తీస్తే పోయేది రాజన్న, తీయకపోతే డిగ్రీ. బుచ్చిరాములు గడియ వదిలి, తలుపు సందుకు నోరు ఆనించాడు.

"సార్, గీడ కొట్టుడు లేదు, తిట్టుడు లేదు. నేను ఊ కొడుతున్న, గంతే. పగలు కథ చెప్తే అవ్వ తమ్ముడు దారి తప్పుతడట. గందుకే లోపట రాత్రి చేసినం. దొరసాని ఇంక తడకల ఎనకనే ఉన్నది. కథ అయితేనే ఆమె బయటికొస్తది, నేనొస్త."

బయట మెట్టు మీద చెప్పులు విడిచిన చప్పుడైంది.

"కొంచెం గట్టిగా చెప్పమనవోయ్," అన్నారు ప్రొఫెసరుగారు. "ఇక్కడ అందరికీ వినపడాలి."

"మొదట్నుంచి చెప్పుమనుండ్రి సారూ," అన్నది భారతమ్మ.