పడవకు పరుపులు

ముప్పై ఏళ్లు సాంచా, అంటే మరమగ్గం, నడిపిన మనిషి తనకు నీళ్ల సంగతి తెలియదంటే ఒప్పుకోడు. వెంకటి ఆ రకం. మరమగ్గాలు మూతపడి, ఆయన సాంచాలు పాత ఇనుము కింద పోయాక, ఉన్నదంతా ఊడ్చి చిన్న ఫైబర్ పడవ కొన్నాడు. ఆయన ఊరు మానేరు డ్యామ్ బ్యాక్‌వాటర్‌లో మునిగింది. చేన్లు అవతలి ఒడ్డున మిగిలాయి, చేసేవాళ్లు ఇవతల పడ్డారు. నీళ్లు నింపినవాళ్లకు మనుషుల్ని దాటించాలన్న సోయి లేకపోయింది. వెంకటికి ఉంది. రోజూ పొద్దున పత్తి చేన్లలో కలుపు తీసే ఆరుగురు ఆడవాళ్లను అవతలికి చేర్చి, సాయంత్రం తెస్తాడు.

రేవంటే పెద్దదేం కాదు. పాత రోడ్డు నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది. దిగేచోట పాత కల్వర్టు గోడలు రెండు నీళ్లపైకి తేలి ఉన్నాయి, వాటి మీద ఇనుప పైపులు. ఆ గోడల నడుమ సందులో పడవ కడతాడు. గాలి లేస్తే చాలు, పడవ అటు కొట్టుకుని ఇటు కొట్టుకుని అంచు అరిగిపోతోంది. ఒక పక్క నారలు తేలాయి. ఇంకో నాలుగు దెబ్బలు పడితే చిల్లే. చిల్లు పడితే ఆడవాళ్లు ఆటో ఎక్కి పన్నెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతారు. ఒక్క వారం అలవాటైతే మళ్లీ పడవ మొఖం చూడరు. వెంకటికి ఇంకో పని చేతకాదు, ఇంకో పడవ కొనే తాకతూ లేదు.

అందుకని బందోబస్తు మొదలుపెట్టాడు. సాంచాల దగ్గర మిగిలిన నూలు వేస్టు రెండు బస్తాలుంటే, భార్య శంకరవ్వ పాత పూల చీరలో కూరి నాలుగు పరుపులు కుట్టింది. వాటిని పడవ అంచులకు వేలాడదీశాడు. గోడల కింది వైపు, నీళ్లకు జానెడు పైన ఉన్న ఇనుప కొక్కేలకు నాలుగు తాళ్లు వేసి, పడుగు బిగించినట్టు బిగించాడు. వేలితో మీటితే తాడు మోగింది. ఆయన మొఖం వెలిగింది.

పక్కనే వలలు దులుపుతున్న పోశవ్వ అంతా చూస్తోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేపలు పట్టే మనిషి.

"పడవ బాలింతనా తమ్మీ, మెత్తలేసినవు?"

"దెబ్బ తాకద్దని అక్కా."

"తాడు గట్ల బిగ్గె కట్టకు. నీళ్లు ఒక్క తీర్గ ఉంటయా? జర సడలిడువు."

"పోగు సడలితే బట్ట ఖరాబైతది."

"గిది బట్టనా?"

వెంకటి వినలేదు. వినేవాడైతే ఈ కథే లేదు.

రెండు రోజులు పైన వానలు దంచాయి. మూడో నాడు పొద్దున రేవుకు వచ్చేసరికి నీళ్లు మూరెడు పెరిగి ఉన్నాయి. కొక్కేలు నీళ్లలో మునిగాయి. పడవ పైకి లేవబోతే తాళ్లు కిందికి గుంజి పట్టాయి. నానిన పరుపులు ఒక్కొక్కటీ రాయిలా బరువెక్కి పడవను ఒక పక్కకు వంచాయి. ఆ పక్క నుంచి నీళ్లు గుటక గుటకగా లోపలికి పోతున్నాయి.

ఆరుగురు ఆడవాళ్లు సద్దిగిన్నెలతో ఒడ్డున నిలబడి ఉన్నారు. అందరికంటే చిన్నది కోమల అంది, "కాకా, నీ పడవ ఇంక లేవలే. పరుపులు మస్తు మెత్తగున్నట్టున్నయి."

ఇంకొకామె అందుకుంది. "జర చాయ్ తాపు, లేస్తది."

వెంకటి నవ్వే స్థితిలో లేడు. నడుము లోతు నీళ్లలో దిగి ముళ్లు విప్పబోయాడు. నేతగాడు వేసిన ముడి, తడిసి ఇంకా బిగిసింది. గోళ్లు విరిగాయి గాని ముడి కదలలేదు. పోశవ్వ తన కొడవలి తెచ్చి చేతికిచ్చింది.

"కొయ్యి."

"తెగిన పోగు అతికినోన్ని అక్కా. ఎన్నడు తెంపలే."

"ముప్పై ఏండ్లు అతికితివి. ఇయ్యాల నాలుగు తెంపు. నేనెవలికి చెప్ప."

పడవ ఇంకో రెండు వేళ్లు దిగింది. అప్పుడు కోశాడు. నాలుగో తాడు తెగగానే పడవ ఎగిరి లేచి అందరి మీదా నీళ్లు చల్లింది. ఆడవాళ్లు సద్దిగిన్నెల మూతలతో నీళ్లు తోడారు. వెంకటి మాత్రం అంచు వెంట వేలు పెట్టి తడుముతూ పోయాడు. నారలు ఇంకాస్త లేచాయి. చిల్లు లేదు. అప్పుడు ఊపిరి పీల్చాడు.

ఆలస్యంగానైనా అందరినీ దాటించాడు. తిరిగి వస్తూ ఒక్కడే ఆలోచించాడు. సాంచా మీద పోగును బిగువుగా ఉంచింది ముడి కాదు కదా. పడుగు చుట్టిన బీము వెనక వేలాడే ఇనుప గుండు. బట్ట ఎంత గుంజితే అంత పోగు వదులుతుంది, అయినా సడలనివ్వదు. ముప్పై ఏళ్లు కళ్లెదుట ఊగిన గుండు నీళ్ల దగ్గరికి వచ్చేసరికి గుర్తు రానందుకు తనకే సిగ్గేసింది.

సాంచాలు అమ్మిన నాడు గుండ్లు మాత్రం అమ్మలేదు. శంకరవ్వ వాటిని పచ్చడి జాడీల మూతల మీద పెట్టుకుంది. ఇంటికి పోయి నాలుగూ ఎత్తుకొచ్చాడు.

"మూతలెగిరిపోతే నువ్వే కూసో జాడి మీద" అంటూ ఆమె గడప దాకా వెంటపడింది.

ఈసారి తాళ్లు గోడల పైనున్న ఇనుప పైపుల మీదుగా వేసి, ఒక కొస పడవకు, రెండో కొస గుండుకు కట్టాడు. నీళ్లు పెరిగితే గుండు దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. పడవ సందు నడుమనే ఉంటుంది. పరుపులు విప్పి పైపు మీద ఆరేసి, వాటి జాగాలో పోశవ్వ ఇచ్చిన పాత స్కూటర్ టైర్లు వేలాడదీశాడు.

మూడు రోజుల్లో నీళ్లు మళ్లీ జానెడు తగ్గాయి. గుండ్లు జానెడు పైకెక్కాయి. పడవ గోడను ముట్టలేదు. పోశవ్వ వచ్చి చాలాసేపు చూసింది. ఒక గుండును వేలితో కిందికి నొక్కి వదిలింది. అది మెల్లగా తన చోటికి పోయింది.

"నా తెప్పకు ఇంక రెండు గుండ్లున్నయా తమ్మీ?"

వెంకటి తాడు మీది నుంచి తల ఎత్తలేదు.

"గుండ్లు లెవ్వక్కా. పరుపులున్నయి, కావాల్నా?"

అప్పటికే కోమల పడవలో ఒక పరుపు పరుచుకుని కూర్చుంది. లేవమంటే లేవలేదు.