బల్ల దగ్గర మన భాష వద్దు

ఆ రూలు పెట్టింది నేనే. "అందరం కలిసి పెట్టుకున్నదే కదా అక్కా" అని వందెర్లే ఇప్పటికీ నన్ను సముదాయిస్తాడు. అబద్ధం. పెట్టింది నేను, అమలు చేసింది నేను.

ఐర్లండ్‌లోని గాల్వేలో ఆ అద్దె ఇంట్లో నేను, వందెర్లే, సిల్మారా ఉండేవాళ్లం, తర్వాత ఎజివానియా చేరి నలుగురమయ్యాం, అందరం బ్రెజిల్ వాళ్లమే. పొద్దున ఇంగ్లీషు బడి, మధ్యాహ్నం హోటల్లో పక్కబట్టలు మార్చే పని. ఊళ్లో ఏ సందులోకి వెళ్లినా ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లే, మేం మాత్రం ఇంటికి రాగానే మా పోర్చుగీసులో పడిపోయేవాళ్లం. ఇలాగైతే ఏడాది గడిచినా ఎవరికీ నోరు తిరగదని నాకు ఒళ్లు మండింది. అందుకే సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప వినబడకూడదన్నాను. పోర్చుగీసు మాట దొర్లితే మిగతావాళ్లం చెంచాలతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టేవాళ్లం. దొరికినవాళ్లు అందరి గిన్నెలూ తోమాలి. ఫోన్లన్నీ బుట్టలో పడేయాలి.

ఎజివానియా వచ్చాక గిన్నెలన్నీ ఆమె పాలే. ఆమెది మా దేశంలోనే గోయాస్ రాష్ట్రంలో ఏదో మారుమూల ఊరు. వచ్చేటప్పటికి తన పేరు చెప్పడం, థాంక్యూ అనడం తప్ప ఇంగ్లీషు ఏమీ రాదు. ఉప్పు అడగడం చేతకాక చప్పటి బీన్సే తినేది. మాకు నవ్వులాట. నేను ఆమెకు ఎదురుగా కూర్చుని, "మీ అమ్మాయి ఎలా ఉంది?" అని ఇంగ్లీషులో అడిగేదాన్ని. కూతురి పేరెత్తితే ఆమె ఆగలేకపోయేది. కళ్లు వెలిగిపోయేవి, గబగబా పోర్చుగీసులో మొదలుపెట్టేది. టక్, టక్. పడిందిరా, అని నవ్వేవాళ్లం. నేను రోజూ అదే అడిగాను.

బ్రెజిల్లోనే ఉన్న కూతురు తైనారాకి తొమ్మిదేళ్లు. గుండెలో రంధ్రం. గురువారం ఆపరేషన్ పెట్టారు. ఎజివానియాకి ఇక్కడి గుర్తింపు కార్డు ఇంకా చేతికి రాలేదు. ఇప్పుడు వెళితే మళ్లీ రానివ్వరు. బుధవారం గిన్నెలు తోముతూ అంతా చెప్పింది.

"అమ్మతో మాట్లాడితేగానీ లోపలికి వెళ్లనని మొండికేస్తోందక్కా. మా తమ్ముడు ఫోన్ చేయిస్తానన్నాడు. రెండు మాటలు చెప్తే చాలంట, ధైర్యంగా వెళ్తుందంట."

"చెబుదువుగానిలే, ఏడవకు," అన్నాను. కాబట్టి నాకు తెలియదు అనడానికి లేదు.

మర్నాడు నాలుగింటికి రావాల్సిన ఫోను రాలేదు. ఆస్పత్రిలో ఆలస్యమైందట. ఆరున్నరకి భోజనానికి కూర్చున్నాం. ఎజివానియా ఫోను ఒళ్లో పెట్టుకుంది. నేను బుట్ట ఆమె ముందు పెట్టాను. పెద్దదాన్నని నా మాట కాదనలేదు, వేసేసింది. అందరివీ వేశాక బుట్టను నా ఒళ్లోకి తీసుకున్నాను.

రెండు ముద్దలు తిన్నామో లేదో, మోగింది.

ఆమె లేచి చెయ్యి చాపింది. నేను బుట్ట మీద అరచెయ్యి పెట్టి, ఇంగ్లీషులో, "అడిగి తీసుకో," అన్నాను. రెండే రెండు మాటలు చెబితే ఇచ్చేసేదాన్ని. ఒట్టు. పంతులమ్మ బుద్ధి నాది, ఇలాంటప్పుడే నేర్చుకుంటారనుకున్నాను.

"దయచేసి... నేను... కూతురు..." అని ఎజివానియా ఇంగ్లీషులో తడుముకుంది.

"పూర్తి వాక్యం!" అంది సిల్మారా. వందెర్లే పకపకా నవ్వాడు. ఫోను ఆగిపోయింది. వెంటనే మళ్లీ మోగింది.

"ఇచ్చెయ్యక్కా! నీ కాళ్లు పట్టుకుంటాను, అది నా బిడ్డే!"

పోర్చుగీసు. చెంచాలు లేచాయి. టక్, టక్. నా చెంచా కూడా.

ఫోను ఆగిపోయింది. ఎజివానియా బుట్ట లాక్కుని తిరిగి చేసింది. తమ్ముడు ఎత్తాడు. అప్పుడే లోపలికి తీసుకెళ్లారట. అమ్మ ఎత్తలేదు, అమ్మకి నేనక్కర్లేదు అని ఏడుస్తూ వెళ్లిందట.

తైనారా బతికి బయటికి రాలేదు. మా దేశంలో మర్నాటికల్లా పూడ్చేస్తారు. విమానం ఎక్కినా ఆఖరి చూపు కూడా దక్కేది కాదు.

ఇల్లు ఖాళీ చేసి పోతుందనుకున్నాను. పోతే బాగుండని కూడా అనుకున్నాను. పోలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె నోట పోర్చుగీసు మాట రాలేదు. రాత్రింబగళ్లు చదివింది. ఎనిమిది నెలల్లో బడిలో అందరికంటే పై తరగతికి వెళ్లింది. నన్ను అక్కా అనడం మానేసింది. "మర్లూసియా, ఉప్పు అందిస్తావా?" అని చక్కటి ఇంగ్లీషులో అడిగేది.

చెంచాలు కొట్టడం మేం ఎప్పుడో మానేశాం. ఒక సాయంత్రం బల్ల దగ్గర మేమిద్దరమే మిగిలాం. ఇక తట్టుకోలేకపోయాను. పోర్చుగీసులోనే మొదలుపెట్టాను.

"ఎజివానియా, నన్ను తిట్టవే. కొట్టు. ఆ పిల్లని..."

ఆమె చెంచా ఎత్తింది. టక్, టక్.

"ఇంగ్లీషులో చెప్పు," అంది, ఇంగ్లీషులోనే. "పూర్తి వాక్యం."

రెండేళ్లుగా చదువుతున్నాను, మాటలన్నీ వచ్చు. నోరు తెరిచాను. ఒక్కటీ బయటికి రాలేదు. ఆమె తొందరపడలేదు. బీన్సు మొత్తం తినేదాకా నా మొహం వైపే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత తన కంచం నా ముందుకు జరిపి లేచి వెళ్లిపోయింది.

నేను తోమాను.