అండీగారి ఎడమ వైపు

ఏం రోజులొచ్చాయో చూడండి! బంతి ఎవరు ఎంత బాగా ఆపుతున్నారన్నది ఎవడికీ పట్టదు. ఎవరికి ఎంతమంది ఫాలోవర్లున్నారో ఫుట్‌బాల్ క్లబ్ గోడకి అంటిస్తున్నారు. ఆ వరసలో అందరికంటే పైన సిల్కు, కుడి వైపు నుంచి దూసుకెళ్లే ఫార్వర్డు. వాడు తల దువ్వుకున్నా లక్షమంది చూస్తారు. అందరికంటే కింద మనవాడు, ఎడమ వైపు డిఫెండరు. పెళ్లాన్ని కలిపి లెక్కేసినా ఒక బస్సు నిండదు.

కాంట్రాక్టు ఈ సీజనుతో సరి. "ఫోన్లో కాస్త కనపడవయ్యా, లేకపోతే నీ చోటు ఉండదు" అన్నాడు మేనేజరు.

మనవాడికి డాన్సులు రావు, మూతి వంకర్లు తిప్పడం అసలే రాదు. ఏం చేస్తాడు పాపం, తనను తిట్టినవాళ్లందరికీ కూర్చుని జవాబులు రాయడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ పెంపకం అలాంటిది, పిల్లినైనా మీరనే అంటాడు. "ఒరేయ్ మొద్దూ, కళ్లు నెత్తికెక్కాయా?" అని ఒకడు రాస్తే, "లేదండీ, ఎండ కళ్లలో పడిందండీ" అని రాశాడు. "ఒరేయ్ దున్నపోతా!" అంటే, "చెప్పండి" అన్నాడు.

ఇంకేముంది, జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన చేత అండీ అనిపించుకోవాలని ఎగబడి మరీ తిట్టారు, అండీగారని పేరు కూడా పెట్టేశారు. చూస్తుండగానే గోడ మీద అండీగారు సిల్కు పక్కకొచ్చేశాడు. వాళ్లావిడ పట్టలేక పక్కింటివాళ్లందరికీ చూపించింది.

మేనేజరు పిలిచి కాగితం ముందుకు తోశాడు. "రెండేళ్లు! ఇక మీరు ఒళ్లు హూనం చేసుకోనక్కర్లేదు. మైకు తగిలించుకుని బెంచీ మీద కూర్చుని అండీ అండీ అంటే చాలు. ఆడటానికి ఇంకెవరినైనా చూసుకుంటాం."

మనవాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. అన్ని తిట్లు దిగమింగింది ఎందుకు, ఆ ఎడమ వైపు గడ్డి మీద నిలబడటానికి కాదూ?

"నేను సంతకం పెట్టనండీ" అని లేచి, తిన్నగా మైదానంలో ఉన్న కోచ్ దగ్గరికెళ్లాడు. "సార్, సిల్కుగారిని నా మీదికి వదలండి. నన్ను దాటితే ఆ బెంచీ మీదే కూర్చుంటాను."

సిల్కు పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీశారు.

"అవి లోపల పెట్టండి" అన్నాడు మనవాడు. ఆ గొంతు విని అందరూ ఫోన్లు జేబుల్లో పెట్టేశారు.

సిల్కు అటు ఊగి ఇటు దూకాడు. మనవాడు మొహం చూడలేదు, భుజాలు చూడలేదు, బంతినే చూశాడు. కాలు అడ్డంపెట్టి తీసేశాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ తీసేశాడు. చొక్కా పిండుకునేంత చెమట పట్టాక సిల్కు నడుం మీద చేతులేసుకుని, "ఇక నా వల్ల కాదు బాబోయ్" అన్నాడు.

అంతలో మేనేజరు రొప్పుకుంటూ వచ్చాడు. "ఎవరైనా వీడియో తీశారా? ఒక్కరైనా?"

ఎవరూ తీయలేదు. కోచ్ అతని వంక కూడా చూడలేదు.

"ఆదివారం ఎడమ వైపు నువ్వే ఆడతావు. కాంట్రాక్టు సంగతి పైవాళ్లతో నేను తేల్చుకుంటాను" అన్నాడు మనవాడితో.

 మనవాడు తిన్నగా వెళ్లి ఎడమ వైపు గడ్డి మీద తన చోట నిలబడ్డాడు.