గడువు దాటిన గోల్‌కీపర్

హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు అవేజ్‌ను వదులుకుందని తెలిసినప్పుడు రుబీనా ఏడవలేదు. లోలోపల సంతోషించింది కూడా. ఇక మొగుడు సొంతూరు మంచిర్యాలకే ఆడతాడు, పాప సాదియా తండ్రి మొహాన్ని ఫోన్‌లో కాకుండా ఎదురుగా చూసుకుంటుంది అనుకుంది. ఆ పిల్ల ఫోన్ మోగితే చాలు, నాన్నే వచ్చాడనుకుని దాన్ని నాకేది.

మంచిర్యాల కోచ్ కుమారస్వామి వెంటనే వచ్చి సంతకం పెట్టమన్నాడు. అడ్డుపడింది అత్త సుగ్రా బేగం. అవి తేరా తేజీ రోజులు. సఫర్ నెల మొదటి పదమూడు రోజులు మంచివి కావని ఆ ఇంట్లో కొత్త పనేదీ మొదలుపెట్టరు. ఆఖరి రోజు గుడ్లు, మినుములు దానం చేశాక, ఆమె నిండు మనసుతో కొడుకును పంపింది. ఈలోగా లీగులో పేర్లు నమోదు చేసుకునే గడువు ముగిసిపోయింది.

గడువు దాటాక కూడా ఏ జట్టూ లేని ఆటగాణ్ని తీసుకోవచ్చు గానీ, జట్టుకు ఒక్కణ్నే. డబ్బున్నవాళ్లు సీజన్ మధ్యలో మంచి ఆటగాళ్లందరినీ పోగేసుకోకుండా పెట్టిన నియమమది. మంచిర్యాల ఆ ఒక్క చోటునూ ముందురోజే వేరొకరికి ఇచ్చేసింది. నువ్వు రావనుకున్న తమ్మీ అని కుమారస్వామి తల దించుకున్నాడట.

ఇక మిగిలింది కేరళ. అక్కడి లీగు గడువు ఇంకా ఉంది, ఒక జట్టు రమ్మంటోంది. అవేజ్ అటక మీంచి బ్యాగు దించాడు. రుబీనాకు దిగులు పట్టుకుంది. పిల్లకు జ్వరమొస్తే? ఆటో దొరక్కపోతే? వచ్చేసరికి పిల్ల తండ్రిని గుర్తుపట్టకపోతే?

"గీ లీగుల వేరే జట్లకు చోటు లేదా?" అని అడిగింది, చొక్కాలు మడతపెడుతూనే.

అవేజ్ గొంతు తగ్గించాడు. "బెల్లంపల్లికి ఉన్నది. ఊకో, అమ్మీ వింటది."

చనిపోయిన మామ జబ్బార్ కూడా మంచిర్యాలకు గోల్‌కీపరే. బెల్లంపల్లి చేతిలో ఫైనల్ ఓడిన బాధ చివరిదాకా ఆయన్ని వదల్లేదు. ఆ జట్టు పేరెత్తిన చుట్టానికి సుగ్రా బేగం చాయ్ కూడా పోయదు. రైలెక్కితే పక్క ఊరే, ఆ ఇంటికి మాత్రం కేరళకన్నా దూరం.

రుబీనా పిల్లను చంకనేసుకుని వంటింట్లోకి వెళ్లింది. భయపడుతూనే బెల్లంపల్లి మాట చెప్పింది. బియ్యం కడుగుతున్న అత్త చెయ్యి ఆగింది. ఆ తర్వాత పాత కథంతా వచ్చింది: కాళ్ల సందులోంచి పోయిన బంతి, స్టేషన్‌లో జనం చేసిన ఎగతాళి, వాళ్ల కంట పడలేక జబ్బార్ ఒక రైలు వదిలేసి తర్వాతి దాంట్లో రావడం.

రుబీనా అంతా విన్నది. "మామ ఓడిపోయినా, గా దినం ఇంటికే వచ్చిండు గదా అమ్మీ," అంది.

సుగ్రా బేగం చెయ్యి కొంగుకు తుడుచుకుని, బెల్లంపల్లి కోచ్‌కు ఫోన్ కలపమంది. ఆ కోచ్ పేరు పరశురాములు. ఆనాటి గోల్ కొట్టింది అతనే.

"గోల్ కొట్టి నువ్వు ఎగిరిన ఎగురుడు నాకింకా యాదున్నది పరశురాములూ. గదంతా పక్కకు పెట్టి నా కొడుకునిస్తున్న. ఆట అయిపోంగనే రైలెక్కియ్యాలె. జర లేటైనా నా కోడలు పరేషాన్ అయితది."

అవతల నవ్వు వినిపించింది. మీ ఇంటికి రావడానికి ధైర్యం చాలక ఇన్నాళ్లూ ఆగానని, ఆ ఒక్క చోటును అవేజ్ కోసమే అట్టిపెట్టానని పరశురాములు చెప్పాడు.

ఫోన్ పెట్టేసి సుగ్రా బేగం మళ్లీ బియ్యం ముందు కూర్చుంది.

"మంచిర్యాల మీద ఆడే నాడు నేనైతే ఆట సూడ రాను," అంది కొడుకుతో. "కానీ నువ్వు ఒక్క గోల్ ఇడిసినా గా దినం నీకు బువ్వ లేదు."