ఏడు వీపులు

ఈల పెదవుల మధ్య పెట్టుకోగానే ముందు చలి తగులుతుంది.

తరవాత ఇనుము రుచి. తరవాత ఊపిరి.

ఆ ఊపిరిని ఊదకుండా పట్టుకోవడమే అసలు పని అని ఇరవై రోజుల కిందట ఆమెకు తెలియదు.

అప్పట్లో తెలిసిందల్లా ఒక్కటే — పరుగు.

మొదటి రోజు లారీ వాళ్లను కొండ కింద దింపేసి వెళ్లిపోయింది. ఎనిమిది మంది. ఎనిమిది బరువు సంచులు. గుడారాలేమో పైన. ఆమె మిగతావాళ్ల కంటే అరగంట ముందే ఎక్కేసి, సంచి దింపి, నీళ్లు తాగి, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఒక్కొక్కళ్లే రొప్పుతూ వస్తుంటే చూసి నవ్వింది కూడా. సాయంత్రానికల్లా పేరు పడిపోయింది.

రాకెట్టు.

పేరు ఆమెకు నచ్చింది. నచ్చిందని దాచుకోలేదు.

వచ్చింది ఆటకు కాదు. పై కొండల్లో, నది పుట్టే చోట, మూడు నెలలు ఉండాలి. నీళ్లు కొలవాలి. పక్షుల్ని లెక్కపెట్టాలి. మంచు కిందటేటి కంటే ఎంత వెనక్కి పోయిందో రాయాలి. ఆ యాత్రకు ఈ ఎనిమిది మందిలో నలుగురినే తీసుకెళ్తారు. ఆమె వెళ్లి తీరాలి. మంచు చూడాలని కాదు... తన కళ్లతో లెక్కపెట్టిన అంకె ఒక్కటైనా ఆ కొలతలు రాసే పుస్తకంలో ఉండాలి. రెండేళ్లుగా అదే పట్టు. నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేది.

శిబిరం నడిపే మనిషిని అందరూ అక్క అంటారు. నలభై దాటింది. సగం జీవితం చిత్తడి నేలల్లో మోకాళ్ల లోతున గడిచింది. మాటలు బహు పొదుపు. రెండో రోజు పొద్దున్న అందర్నీ వరసగా నిలబెట్టి, నేరుగా రాకెట్టు దగ్గరికొచ్చి మెడలో ఒక ఈల వేసింది.

"నువ్వు చివర."

అంతే.

తల కొట్టేసినట్టయింది.

మొదట వచ్చినదాన్ని చివర నిలబెట్టడమేమిటి? అడుగుదామనుకుంది. అక్క అప్పటికే పక్కకు వెళ్లిపోయింది. ముందు నిలబడే వరం పంతులుకు దక్కింది. పంతులంటే పంతులు కాదు, భూగర్భశాస్త్రం చదువుతున్న కుర్రాడు... దారిలో రాయి కనిపిస్తే చాలు, పాఠం మొదలుపెట్టేస్తాడు. పటం అతనికి. దిక్సూచి అతనికి.

ఆమెకు ఈల.

చివర నడిచే మనిషి ఏం చెయ్యాలో అక్క ఒక్కసారే చెప్పింది. ఆగిన చోట ఏమీ మిగలకూడదు — దారప్పోగు, పండు తొక్క, కాగితం ముక్క, ఏదీ. ఆ తరవాత అందరూ లేచారో లేదో చూసుకుని ఈల ఊదాలి. ఈల వినపడందే వరసలో ఒక్క అడుగు కదలదు.

"రాకెట్టుని తీసుకెళ్లి తోకకి కట్టారు" అన్నారెవరో. అందరూ పడీ పడీ నవ్వారు.

ఆమె నవ్వలేదు.

ఈల ఆమెకు కొత్తది కాదు. బాధంతా అక్కడే ఉంది.

అమ్మ బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్లుగా ఒకటే రూటు. చిన్నప్పుడు బడి లేని రోజున అమ్మతో పాటు బస్సులోనే తిరిగేది. కానీ కూర్చునేది మాత్రం డ్రైవరు పక్కన, ఇంజను మీద పరిచిన గోనెపట్టా మీద. ఒళ్లు కాలిపోతున్నా లేచేది కాదు. పెద్ద అద్దంలో రోడ్డు తన కోసమే పరిగెత్తుకొచ్చేది. వెనక్కి తిరిగితే అమ్మ. జనంలో నలుగుతూ, చంకన తోలు సంచి, నోట్లో ఈల. పెద్దయ్యాక నేను డ్రైవరునే అవుతాను, నీలాగా వెనక నిలబడను అని ఒకసారి మొహం మీదే అనేసింది.

అమ్మ నొచ్చుకోలేదు.

"అవ్వు తల్లీ. డ్రైవరుకి రోడ్డంతా కనిపిస్తుంది. వెనక మెట్టు మీద ముసలమ్మ కాలు కనిపించదు. దాన్ని నేను చూసుకుంటాలే."

అప్పుడు ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

చివర నడవడమంటే ముందువాళ్ల మడమలు తొక్కడమే అనిపించేది ఆ మొదటి రోజుల్లో. పంతులు రాయి దగ్గర ఆగితే కాలుగాలిన పిల్లిలా తిరిగేది. ఆగిన చోట నేలను చూసీ చూడనట్టు చూసేది. ఊదేసేది.

నాలుగో రోజు. వాన వెలిసింది. ఆకుల మీంచి ఇంకా చుక్కలు... మట్టి ఆవిరి... ఎక్కడో దగ్గర్లోనే వాగు హోరు. ఆమెకు కొండ అవతల ఏముందో చూడాలని ఉంది. ఊదేసింది.

వరస కదిలింది. గడియారం కదల్లేదు.

గడియారమంటే జట్టులో కుర్రాడే, తన మామయ్య కొట్లో వాచీలు బాగుచేస్తాడు. తను మాత్రం దేనికీ టైముకు రాడు. వేళ్లు వణకవని నీళ్లు కొలిచే పరికరం అతని చేతికే ఇచ్చారు. నోట్లో నాలుక లేని మనిషి. అప్పుడతను పొద పక్కన కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆగండి అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. లేసు ఈడ్చుకుంటూ పరిగెత్తాడు. జారాడు. మోకాలు చీరుకుపోయింది.

నర్సు చదువుతున్న అమ్మాయి కడిగి కట్టు కట్టింది. ఎవరూ రాకెట్టును ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"నీ ముందు ఎంతమంది?"

"ఏడుగురు."

"ఎంతమందిని చూసి ఊదావు?"

ఆమె మెడలోని ఈలను గుప్పిట్లో మూసుకుంది.

పక్షుల్ని లెక్కపెడతానని ఇంత దూరం వచ్చిన మనిషి. ఎదురుగా ఉన్న ఏడుగురు మనుషుల్ని లెక్కపెట్టలేదు.

సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

మర్నాటి నుంచీ లెక్క.

ఒకటి, రెండు, మూడు... కదిలే ముందు ఏడు. ఆగాక ఏడు. వాగు దాటే ముందు ఏడు, దాటాక ఏడు. పెదవులు కదలకుండా, గొంతు పెగలకుండా, అడుగుకో వీపు చొప్పున.

లెక్కపెట్టగా పెట్టగా వీపులు మాట్లాడటం మొదలుపెట్టాయి. పంతులు దారి తప్పినప్పుడు మొహం మామూలుగానే పెడతాడు, మెడ మాత్రం బిగుస్తుంది. నర్సు అలిసిపోతే ఎడమ చెయ్యి నడుము మీదికి వెళ్తుంది. ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్ల సంచి ఆ పూట ఒక పక్కకు ఒరుగుతుంది. గడియారం కట్టు కట్టిన కాలును కొంచెం బయటికి వేసి నడుస్తాడు... అది చూసినప్పుడల్లా ఆమె లెక్క మళ్లీ మొదటి నుంచి పెట్టేది. ముందు నడిచేవాళ్లకు కొండ కనిపిస్తుంది. తనకు కొండా కనిపిస్తుంది, కొండెక్కే మనుషులూ కనిపిస్తారు. ఎవరు నీళ్లు అడగబోతున్నారో వాళ్లకంటే ముందే తెలిసిపోయేది. సీసా మూత తీసి ఉంచేది.

చివరి చోటు చిన్నదేం కాదు.

పదిహేనో రోజుకు ఆ సంగతి ఒంటికి పట్టింది.

నేల కూడా మాట్లాడింది. నలిగిన గడ్డి, బూటు అంచున విరిగిన చిన్న పుట్టగొడుగు, ఎవరో ఒలుస్తూ వదిలేసిన గింజ పొట్టు... వంగేది. ఏరేది. జేబులో వేసుకునేది. వాళ్లు లేచి వెళ్లాక గడ్డి మళ్లీ నిలబడితే చాలు, ఆ రోజు బాగా గడిచినట్టే.

పందొమ్మిదో రోజు — పరీక్ష.

చిత్తడి దాటి, చెరువు అవతలి గట్టు మీద జెండా పాతి ఉంటుంది. దారిలో మూడు చోట్ల నీళ్లు కొలవాలి. పన్నెండు లోపు జట్టంతా జెండా దగ్గర ఉండాలి.

"పన్నెండు దాటితే జెండా ఉండదు" అంది అక్క. ఈసారి తను వాళ్లతో రాదు. ఆ పైన ఏమవుతుందో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. జెండా లేకపోతే యాత్ర కూడా లేనట్టే అని ఎనిమిది మందీ ఎవరి మనసులో వాళ్లు అనుకున్నారు.

పొగమంచు. చెక్కల బాట. చెక్క కింద నీళ్లు, నీళ్ల కింద బురద, బురద కింద ఎంత లోతో ఎవరికీ తెలియదు. ఒకటో కొలత అయింది. పరికరంలో సెల్లు అయిపోతే గడియారం అక్కడే కొత్తది వేశాడు. రెండో కొలత అయింది. పదకొండున్నర. అంతా సవ్యంగా ఉంది. వెళ్తే అందుకుంటారు.

ఆమె నేలంతా చూసుకుంది. లేచింది. ఈల పెదవుల మధ్య పెట్టుకుంది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

మళ్లీ.

ఆరు.

"విజిలేదీ?" ముందు నుంచి పంతులు కేక.

"ఆరే ఉన్నాయి."

"ఏంటి ఆరు?"

"వీపులు. గడియారం లేడు."

పొగమంచులో ఆమె వంగి నేల వెతుకుతుంటే పక్క నుంచి జారుకున్నట్టున్నాడు.

"వాడెప్పుడూ అంతేగా! వెనకాలే వచ్చేస్తాడు, ఊదు!" అన్నాడు పంతులు. ఇంకెవరో, "టైమైపోతోంది రాకెట్టూ" అన్నారు. మరొకరు బతిమాలారు. "ఊదు" అన్నాడు పంతులు మళ్లీ, ఈసారి మెల్లగా. అతనికీ వెళ్లాలనే ఉంది, పాపం. రెండేళ్ల పట్టు అతనికీ ఉండే ఉంటుంది.

ఒక్క ఊపిరి చాలు.

ఒక్క ఊపిరి ఊదితే వరస కదులుతుంది. జెండా ఉంటుంది. ఆ నలుగురిలో తన చోటు ఆ ఊపిరికి అవతలే ఉంది... బుగ్గలు నిండాయి. ఇనుము వేడెక్కింది.

వెనక మెట్టు మీద ముసలమ్మ కాలు.

ఆమెకు భయం వేసింది. సందేహం మాత్రం రాలేదు.

"ఎవరూ కదలకండి" అంది. కేక కాదు. అయినా ఆరు వీపులూ ఆగిపోయాయి. అప్పుడు వెనక్కి తిరిగి, చిత్తడి వైపు, తప్పిపోయినవాళ్లను పిలిచే ఈల ఊదింది. మూడు పొడుగాటి ఊదులు. ఆగింది. విన్నది. మళ్లీ మూడు.

కప్పలు. నీళ్లు. ఏదో పక్షి లేచిన చప్పుడు.

మళ్లీ మూడు. మళ్లీ... ఎన్నిసార్లో.

ఎప్పటికో, చాలా పక్కగా, అసలు బాటే లేని వైపు నుంచి — టిక్. టిక్. టిక్.

స్టీలు సీసా మీద రాయితో కొడుతున్న చప్పుడు. నోరు విప్పి అరవడం అప్పటికీ చేతకాలేదు మహానుభావుడికి.

ఆమె ఊదుతూ ఉంది. టిక్కు దగ్గరవుతూ ఉంది. తొడల దాకా బురదతో పొగమంచులోంచి మనిషి ఊడిపడ్డాడు. గుప్పిట తెరిచాడు. లోపల చొక్కా గుండీ అంత పాత సెల్లు. మొదటి చోట మార్చినప్పుడు గడ్డిలో జారిపోయిందట. దాన్ని వెతుక్కుని తిరిగొస్తూ బాట తప్పాడు.

ఆ గడ్డిని చూసింది రాకెట్టే. ఏమీ లేదనుకుంది.

"ఇది నాని పగిలితే ఆ విషం చెరువు తాగాలి కదా" అన్నాడు గడియారం. "చెబితే అందరూ ఆగాల్సొస్తుందని... చెప్పలేదు."

"ఇప్పుడు ఆగలేదా మరి!" పంతులు ఒంటికాలి మీద లేచాడు.

ఆమె చెయ్యి చాచింది. సెల్లు తీసుకుని జేబులో వేసుకుంది. ఏడు లెక్కపెట్టింది.

ఊదింది.

చెరువు గట్టుకు చేరేసరికి పన్నెండూ నలభై. జెండా లేదు. కర్ర పాతిన చోట చిన్న గుంట. అందులోకి నీళ్లు మెల్లగా ఊరుతున్నాయి. ఎనిమిది మందీ ఆ గుంట చుట్టూ నిలబడ్డారు. నర్సు ఏడ్చింది. పంతులు ఎవరి మొహమూ చూడలేదు. రాకెట్టు పరికరం నీళ్లలో దింపించింది. మూడో కొలత రాయించింది. నేల చూసింది. ఏడు లెక్కపెట్టి ఊదింది.

మర్నాడు పొద్దున్న గుడారాలు మడిచాక అక్క తలా ఒక చీటీ ఇచ్చింది.

"పై కొండల్లో మీ వెనక ఎవరు నడవాలో రాయండి. ఒక్క పేరు. నిన్నటి టైమూ చూస్తాను, ఇవీ చూస్తాను. కింద లారీ దగ్గర నలుగురి పేర్లు చెబుతాను."

రాకెట్టు ఎక్కువసేపు ఆలోచించలేదు. గడియారం అని రాసింది. పారేసుకున్న గుండీ అంత సెల్లు కోసం వెనక్కి వెళ్లే మనిషి. కాకపోతే చెప్పి వెళ్లడం నేర్పాలి.

అక్క చీటీలను చేతిరుమాల్లో మూటకట్టి సంచి పై జేబులో దోపుకుంది. దిగుడు. ఆఖరి నడక.

"మీకు నచ్చినట్టు నిలబడండి" అంది.

కాస్త తోపులాట. సంచుల చప్పుడు. ఎవరు ఎక్కడ అనేది ఎవరూ చెప్పలేదు. పంతులు నిన్నటి నుంచి ఆమెతో మాట్లాడలేదు. సంచి పట్టీలు బిగించుకుని, ఆమెకు వీపు తిప్పి, ముందుకు చూస్తూ నిలబడ్డాడు.

చివరి చోటు ఒక్కటే ఖాళీగా ఉంది.

దాని ముందు అక్క. ఇన్నాళ్లూ పక్కనో ఎదురుగానో నడిచిన అక్క, ఇవాళ వచ్చి వరసలో నిలబడింది. అక్క వీపును ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎడమ భుజం కాస్త దిగి ఉంది. రుమాలు మూట కొస జేబులోంచి బయటికి కనిపిస్తోంది. చెయ్యి చాస్తే అందుతుంది.

ఆమె నేల చూసింది. గుడారాలున్న చోట గడ్డి చదరాలు చదరాలుగా పాలిపోయి ఉంది. వారంలో లేస్తుంది.

ఇవాళ ఎనిమిది వీపులుండాలి.

ఏడే ఉన్నాయి. గడియారం కింద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు.

కింద ఎక్కడో లారీ హారన్ మోగింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఎవరూ ఊదమనలేదు. పంతులు కూడా.

గడియారం రెండో ముడి వేస్తున్నాడు. వెయ్యనీ.

ఈల పెదవుల మధ్య ఉంది. ముందు చలి. తరవాత ఇనుము రుచి.

ఊపిరి ఇంకా లోపలే ఉంది.