ఖాళీగా ఉండే పోటీ

లిఫ్టు మెకానిక్కి కూతురంటే ప్రాణం. ఆ ప్రాణాన్నే రోజూ తెల్లారకముందే లేపి, బూట్లు తొడిగి, మైదానం చుట్టూ పరిగెత్తించేవాడు. పిల్లకి తొమ్మిదేళ్లు. అడ్డుకర్రల మీంచి దూకుతూ పరిగెత్తడంలో ఆ వయసు వాళ్లెవరూ దాని దరిదాపుల్లో లేరు. అందుకే అందరూ మిడత అనేవాళ్లు. పొద్దున పరుగు, తర్వాత బడి, సాయంత్రం మళ్లీ పరుగు, రాత్రి కాళ్లకు మాలిష్. మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు దొరికిందంటే అది కోచ్ గారి దయ.

చివరికి మోకాలి కింద ఎముక మొరాయించింది. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి ఎత్తి చూసింది.

"సన్నగా చీలింది. ఈ పిల్ల ఎప్పుడు ఆడుకుంటుంది?"

"పొద్దునా సాయంత్రమూ ఆడుతూనే ఉంది కదండీ!"

"అది ఆట కాదయ్యా, ఉద్యోగం. పరుగు ఆపండి. రోజూ ఓ గంట దాని మానాన దాన్ని వదిలెయ్యండి. ఎవరూ ఏమీ చెప్పకూడదు. లేదంటే ఈ కాలు మూలన పడుతుంది. మీ ఇష్టం."

మెకానిక్ తలూపాడు. సరిగ్గా ఇక్కడే బుద్ధిమంతులు చేసే తప్పు చేశాడు. ఆ గంటను ఇంటికి తీసుకెళ్లకుండా కోచ్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఖాళీగా ఉండాలా? ఎవరు నేర్పిస్తారు, మీరా?" అన్నాడు కోచ్.

"నేర్పేదేముంది సార్, ఊరికే..."

"ఊరికే! ఊరికే ఉండి చెడిపోయిన పిల్లల్ని ఎంతమందిని చూశానో తెలుసా? దేనికైనా ఓ పద్ధతుండాలి. రేపట్నుంచి నాలుగింటికి పంపండి. మిగతా పిల్లలకీ పెట్టేద్దాం."

మర్నాటికల్లా మైదానమంతా గడులు వెలిశాయి. నాలుగు మేకులు, చుట్టూ తాడు. పిల్లకో గడి. ఒక విజిల్ ఊదితే ఆకాశం చూడాలి. రెండు ఊదితే మట్టి గెలకాలి. పొడుగ్గా ఊదితే విసుగు పుట్టాలి. కంచె అవతల అమ్మానాన్నలు గొంతులు చించుకునేవాళ్లు.

"భుజాలు వదిలెయ్యరా, బిగబట్టకు!"

"పక్కగడి వాణ్ని చూడవే, ఎంత చక్కగా విసుక్కుంటున్నాడో!"

పరుగు ఆగింది, నిజమే. దాని బదులు మిడత వీపు నిటారుగా పెట్టి, మొహం రాయిలా పెట్టి ఖాళీగా ఉండటం మొదలుపెట్టింది. రాత్రి ఇస్త్రీ దుకాణం మూసి వచ్చిన తల్లికి పిల్ల గోడకేసి కూర్చుని కనిపించింది.

"ఏంటే, గోడకేమైంది?"

"హోంవర్కమ్మా. పావుగంట ఏమీ ఆలోచించకూడదు. ఇప్పుడు నువ్వు పలకరించావు కదా, మళ్లీ మొదట్నుంచి."

తల్లి మొగుడి మీద విరుచుకుపడింది. "ఏమయ్యా, పిల్లకి గంట ఇమ్మంటే, ఉన్న కాస్తా పీక్కెళ్లి ఆ విజిలోడి చేతిలో పెడతావా? లిఫ్టు తలుపులో తల ఇరుక్కుందా నీకు?"

"నీకు తెలీదే. పోటీ కూడా పెడుతున్నారు. మనదే నంబర్ వన్."

"నంబర్ వన్ దేంట్లో?"

"ఖాళీలో."

ఆమె అతని కంచంలో అన్నం గట్టిగా కొట్టి వడ్డించింది.

పోటీకి ముందు మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. చీలిక పూడలేదు.

"గంట ఇస్తున్నారా?"

"ఇస్తున్నామండీ, కోచింగుతో సహా!"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద తల వాల్చేసింది. తల ఎత్తకుండానే అంది, "నిద్రలో కూడా కాలు బిగబట్టే ఉంచుతోందని వాళ్లమ్మ చెప్పింది. ఇలాగే అయితే పరుగు సంగతి అటుంచు, మెట్లెక్కడం కూడా కష్టమే."

మెకానిక్ పోటీ మానిపిస్తానని కోచ్ దగ్గరికి వెళ్లాడు. అయినా పేరిచ్చాక మానేస్తే పిల్లకి మచ్చ అని కోచ్ అనేసరికి, తలవంచుకుని పోటీకి తీసుకెళ్లాడు.

జడ్జీలు గొడుగుల కింద కూర్చున్నారు. విజిల్ మోగింది. పిల్లలంతా ఒక్కసారిగా ఖాళీ అయిపోయారు. మిడత చూపు ఎక్కడా నిలవకుండా, నేర్పినట్టే, గాల్లో తేలింది. జడ్జీలు తలలూపారు.

అప్పుడు గడిలో ఓ నల్లటి పెంకుపురుగు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంది. మిడత గడ్డిపరకతో దాన్ని తిప్పింది. పురుగు బయల్దేరింది. మిడత మోకాళ్ల మీద దాని వెనకే బయల్దేరింది.

"గడి దాటితే అవుట్!" కోచ్ అరిచాడు.

"పిలవండి మీ పిల్లని! నంబర్ వన్ పోతోంది!" అంది పక్కగడి పిల్లాడి తల్లి.

మెకానిక్ నోరు తెరిచాడు. పిల్ల నాలుక పెదవి చివర బయటికొచ్చి ఉంది. ఒళ్లు మరిచిపోయింది, కాలు వదులుగా ఈడ్చుకుంటూ పోతోంది. ఇరుక్కుపోయిన లిఫ్టుల్లోంచి మనుషుల్ని బయటికి లాగడం అతని బతుకు. లోపలున్న వాళ్లని అక్కడే బాగా నిలబడ్డారని మెచ్చుకునే వెధవ ఎవడూ ఉండడు.

కంచె దూకాడు. మేకు పీకి, పిల్ల కంటే ముందుకెళ్లి పాతాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు కోచ్.

"అవుటెక్కడ సార్? తాడు దాటలేదుగా."

రూల్సులో తాడు దాటకూడదని ఉంది, తాడు కదలకూడదని లేదు. పురుగు ఇంకాస్త నడిచింది. మెకానిక్ ఇంకో మేకు పీకాడు.

"అయ్యో, వాళ్ల గడి పెద్దదైపోతోంది! మావాడికి అన్యాయం!" అంటూ పక్కగడి తల్లి కంచె దూకింది. ఆమె వెనక అందరూ దూకారు. మేకులు లేచాయి, తాళ్లు పెనవేసుకున్నాయి, గడిలో గడి దూరింది. కోచ్ ఎవరిదో గడిలో చిక్కుకుని దిక్కులు చూస్తుంటే ఓ జడ్జి ఆయనకి ఆరు మార్కులు వేశాడు. ఈ గోలలో పిల్లలు ఎటువాళ్లు అటు జారుకున్నారు.

పురుగు గేటు దాటి రోడ్డు పక్క గడ్డిలోకి దిగింది. మిడత దాని వెనక. చేతిలో మేకుతో మెకానిక్ పిల్ల వెనక.

"నాన్నా, నీ బూట్ల చప్పుడుకి ఆగిపోతోంది. నువ్వు వెళ్లిపోవూ?"

"ఎక్కడికమ్మా?"

"ఏమో. ఎక్కడికైనా."

మేకు కింద పడేసి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చాడు. గేటు దగ్గర కోచ్ తాడు విప్పుకుంటూ ఎదురొచ్చాడు.

"పిలవండయ్యా, ఫైనల్ ఉంది!"

"పిలవను సార్."

"మరి ఎప్పుడొస్తుంది?"

"అడగలేదు," అని మెకానిక్ గేటుకి అడ్డంగా చతికిలబడ్డాడు.