విరిగిన వెల్లుల్లి క్రీము

నా కాల్చిన కోళ్ల కొట్టుకు జనం వచ్చేది వెల్లుల్లి క్రీము కోసం. వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం, నూనె. నూనెను సన్నని ధారగా పోస్తూ రుబ్బితే వెన్నలా తెల్లగా వస్తుంది. తొందరపడితే విరిగి నూనె తేలుతుంది. రొట్టెకు రాసుకుంటారు, వేయించిన బంగాళాదుంపలు అద్దుకుంటారు. గుండెకు మంచిదని గిన్నెలు నాకేవాళ్లకు మా అమ్మాయి చెబుతుంది, అందులో ముప్పాతిక నూనేనని. బేరం చెడగొట్టకే అంటాను.

గుడ్డు మాత్రం వెయ్యం. నా మనవరాలికి పడదు. ఒకసారి గుడ్డు కలిసిన బిస్కెట్టు ముక్కకే ఊపిరి ఆగినంత పనైంది.

రుబ్బేది నా బావమరిది. పోయిన నా భార్య మొహం చూసి వాణ్ణి భరిస్తున్నాను.

ఆ మధ్యాహ్నం మా అమ్మాయి పాపను నా దగ్గర వదిలి పక్కనున్న మందుల షాపుకు వెళ్లింది. పాప రొట్టెకు క్రీము రాసుకుని తింది. ఇంకో ముక్క అడిగితే ఇచ్చాను.

“ఇవాళ గట్టిగా ఉంది తాతా.”

“ఏం చేశావురా దీన్ని?” అని లోపలికి కేకేశాను.

“మధ్యలో విరిగింది బావా. పారబోస్తే నువ్వు నన్ను నంజుకు తింటావని ఒక తెల్లసొన వేసి గిలక్కొట్టా. ఎలా అతుక్కుందో చూడు.” నవ్వుతూ బయటికి వచ్చాడు. పాప పెదవి మీది తెలుపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

“తాతా, నాలుక దురద.”

ఇలాంటప్పుడు వెంటనే పొడవాల్సిన సూదిమందు వాళ్లమ్మ సంచిలో ఉంది. పాపను ఎత్తుకుని పరుగెత్తాను. నా మెడ మీద పాప ఊపిరి ఈలలా కూసింది. మందుల షాపు మెట్ల మీదికి వచ్చేసరికి ఆ ఈల సన్నబడింది. అమ్మాయి నా మొహం చూసింది. సంచి తెరిచింది. పాప తొడలో సూది గుచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు, “ఊపిరి అందుతోంది. కానీ మళ్లీ తిరగబెట్టొచ్చు. సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండండి,” అన్నాడు.

పాప నిద్రపోయింది. దుప్పటి లేచి పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. బావమరిది గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“అక్క మీద ఒట్టు బావా. పాప వస్తుందని తెలీదు.”

“మామయ్య నీకు భయపడే వేశాడు నాన్నా,” అంది అమ్మాయి.

“భయముంటే చెప్పి వెయ్యాలి.”

పాప నిద్రలో దగ్గింది. ముగ్గురం బిగుసుకుపోయాం. వాడి కాలు గుమ్మం దాటింది. నేను చూశాను. వెనక్కి తీసుకున్నాడు.

దగ్గు ఆగింది. ఊపిరి ఆడుతోంది. సాయంత్రం దాకా వాడు అక్కడే నిలబడ్డాడు. కూర్చోమని నేననలేదు.